హెడ్‌ఫోన్ క్షేమం

"కాలిపోతుందని చెప్పానా లేదా? లోపల తీగ వెంట్రుకంత ఉంటుంది అన్నయ్యా. ఆ డబ్బాకి తగిలించావో, అంతే సంగతులు!" అని మా మరిది తోహిర్ పదకొండో రోజు కూడా అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళలో నా డబ్బా ఒక్కదాన్నీ కాల్చలేదు. నువ్వు తెచ్చిన సరుకు మీద నీకే నమ్మకం లేకపోతే నన్నంటావేంటి?" అని పక్కింటి కోబిల్ అన్న కూడా పదకొండో రోజు అన్నాడు.

"ముందు టీ తాగండి, చల్లారిపోతోంది" అని నేనూ పదకొండో రోజు అన్నాను. ఈ మూడు అంచనాల్లో ఆ రోజుకు నిజమైంది నాదొక్కటే. టీ చల్లారిపోయింది.

వివాదం చాలా చిన్నది కాబట్టే అంత పెద్దదైంది. తోహిర్ నాలుగేళ్ళు కొరియాలో ఓడల కార్ఖానాలో పనిచేసి మా ఊరు కోకంద్‌కు తిరిగి వస్తూ, వాళ్ళన్న కోసం ఒక హెడ్‌ఫోన్ తెచ్చాడు. మా ఆయన ఎర్గష్ చాలా సంతోషించి, దాన్ని పెట్టెలోంచి తియ్యకుండానే తమ్ముడి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. కోబిల్ అన్న రేడియో రిపేరు కొట్టులో పనిచేసి రిటైరైనవాడు. ఆయనా సంతోషించి, ఇంట్లోంచి తన యాంప్లిఫయర్ తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. అది బూట్ల పెట్టెంత ఇనుప డబ్బా. మీద ఒకటి నుంచి పది వరకు అంకెలు, వాటి మధ్య ఒక గుండ్రటి మీట. ఒకప్పుడు మా పేటలో పెళ్ళిళ్ళకు స్పీకర్లు నడపడానికి ఆయన సొంత చేతులతో చేసింది. తర్వాత దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం కూడా ఒకటి చేశాడు. చెప్పాలంటే గుర్రబ్బండికి కట్టే గుర్రాన్ని తెచ్చి ఉయ్యాలకు కట్టాడు. ఉయ్యాల ఊగదని ఎవరూ అనలేరు.

మా ఆయనకు యాంప్లిఫయర్ నిజంగానే అవసరం. మా మామగారు దుతార్లు చేసేవారు, వాయించేవారు కూడా. ఆయన వాయించింది ఒకే ఒక్క టేపు మిగిలింది. దుతార్‌కుండేవి రెండే పట్టు తీగలు. పక్క గదిలో ఎవరైనా దగ్గితే చాలు, ఆ నాదం వినపడదు. దానికి తోడు నలభై ఏళ్ళ టేపు. మా అమ్మాయి మహ్లియో దాన్ని ఫోనులోకి ఎక్కించింది గాని, వినపడేది గాలి వీచినట్టు ఒక బుస, దాని అడుగున ఎక్కడో మామగారు. ఆయన రెండో తీగను శ్రుతిలో ఎక్కడ నిలిపేవారో ఒక్కసారి స్పష్టంగా వినాలని మా ఆయనకు ఎన్నేళ్ళ నుంచో కోరిక.

మా ఆయన కూడా దుతార్లే చేస్తాడు. వీధి వైపు గది మా కొట్టు. మల్బరీ దుంగను వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, ఇంకా ఎన్ని నెలలు ఆరాలో చెప్పేవాడు. "ఇది వచ్చే వేసవికి" అనేవాడు. వచ్చే వేసవికే సిద్ధమయ్యేది. ఫెర్గానా లోయ అంతటి నుంచీ సంగీతం నేర్పే ఆడవాళ్ళు దుతార్లు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది ఆయన చేతుల కోసం కాదు, చెవుల కోసం. మా ఇంట్లో అన్నం పెట్టేవి ఆ రెండు చెవులే. అయితే అవి ఊరికే వచ్చినవి కావడంతో వాటి సంగతి ఎవరికీ తోచలేదు.

తోచలేదనడం తప్పు. మహ్లియోకు తోచింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది అదొక్కతే. హెడ్‌ఫోన్‌తో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి, "మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాశారు నాన్నా. ఎక్కువ శబ్దం పెట్టుకుని వింటే చెవులు పోతాయట. పోయినవి మళ్ళీ రావట" అంది.

"అది అన్నింట్లోనూ రాస్తార్లేవే" అన్నాడు తోహిర్. "అసలు సంగతి చదువు. హెడ్‌ఫోన్ గురించి."

మహ్లియో ముప్ఫై ఒక్క పేజీలు తిప్పింది. తేమ తగలనివ్వకూడదని, మెత్తటి గుడ్డతో తుడవాలని అక్కడ రాసి ఉంది. మా అత్తగారు వెంటనే మెత్తటి గుడ్డ తెప్పించారు.

"మరి నాన్న చెవులో?" అంది మహ్లియో.

"చెవులు ఇంట్లో పుట్టినవేగా తల్లీ" అన్నారు మా అత్తగారు, గుడ్డ మడత పెడుతూ. "అది పాపం విమానమెక్కి అంత దూరం నుంచి వచ్చింది."

పన్నెండో రోజున కోబిల్ అన్న నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నాడు. నిజాయితీ మా పేటలో వివాదాలను ఎప్పుడూ పెంచుతుంది. "చూడు తోహిర్, కాలనే కాలదని నేననను. మీట మరీ తిప్పేస్తే లోపల తీగ వేడెక్కి కాలొచ్చు. కానీ అంతవరకూ తిప్పితే పెట్టుకున్నవాడు ఊరుకుంటాడా? చెవి నొప్పెట్టి పీకి అవతల పడేస్తాడు. హెడ్‌ఫోన్ బతికిపోతుంది. మనిషి చెవే దానికి ఫ్యూజు!"

ఈ శాస్త్రీయ వివరణకు అందరూ ముగ్ధులయ్యారు. ఫ్యూజు ఎవరిదన్న చర్చ మాత్రం రాలేదు.

ఇంట్లో తేలని విషయం గప్‌లో తేలాలి. గప్ అంటే నెలకోసారి మగవాళ్ళు ఒకరింట్లో కూడి, పులావు తిని, లోకం సంగతులు తేల్చే సభ. ఆ నెల వంతు మాది. పులావు మగవాళ్ళే వండుతారు, అందుకు వాళ్ళను ఎంత మెచ్చుకున్నా తక్కువే. మేం కేవలం బియ్యం ఏరి, మాంసం కడిగి, ఏడు కిలోల కారట్లు సన్నగా తరిగి, పొయ్యి రాజేసి, తర్వాత గిన్నెలు తోముతాం.

ఆదివారం మధ్యాహ్నం తొమ్మిది మంది కూడారు. గదిలో పై స్థానంలో పేట పెద్ద మిర్జాహిద్ తాత కూర్చున్నారు. ఎనభై నాలుగేళ్ళు. పేట ముద్ర ఆయన కోటు జేబులోనే ఉంటుంది. ఎడమ చెవి వినపడక చాలా కాలమైంది, కుడి చెవి మర్యాద కోసం వింటున్నట్టు నటిస్తుంది. అందుకే శబ్ద పరీక్షకు ఆయన్ను అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

"హెడ్‌ఫోన్‌కు యాంప్లిఫయర్ వల్ల హాని కలుగునా, కలగదా అన్నది తేల్చడం మన పేట బాధ్యత" అని తాత ఉపన్యాసం ప్రారంభించారు. "ఇవాళ ఒక హెడ్‌ఫోన్ ప్రశ్న. దీన్ని వదిలేస్తే రేపు టీవీ ప్రశ్న వస్తుంది. ఎల్లుండి పిల్లలే ప్రశ్నలు వేస్తారు. మనం నిష్పక్షపాతంగా, నిదానంగా, భోజనానికి ముందే తేల్చేద్దాం."

మామగారి టేపు మరీ మెత్తన, దాంతో పరీక్షేమిటని తోహిర్ అభ్యంతరం చెప్పాడు. కాబట్టి పెళ్ళి ఊరేగింపులో ఊదే కర్నాయ్ బూరాల రికార్డింగు ఎంచుకున్నారు. మనిషి కంటే పొడుగుండే ఆ బూరా ఊదితే నాలుగు వీధుల అవతలి వాళ్ళు కూడా పెళ్ళికి సిద్ధమవుతారు. దాన్ని ఒక మనిషి రెండు చెవుల మధ్య ఊదాలని నిర్ణయమైంది.

ఇక్కడ మా పేట మర్యాద ఒకటి చెప్పాలి. పెద్దవాళ్ళు పెంచినదాన్ని చిన్నవాళ్ళు తగ్గించరు. పొయ్యి మంటైనా అంతే, గొంతైనా అంతే, పెళ్ళికి పిలిచేవాళ్ళ సంఖ్యైనా అంతే. తగ్గిస్తే "మీకు తెలియదు, కూర్చోండి" అని మొహం మీద అన్నట్టే. పెంచడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు. అది గౌరవమే.

మొదట తాత పెట్టుకున్నారు. మీట మూడు దగ్గర "దోమ" అన్నారు. అయిదు దగ్గర "దోమే" అన్నారు. ఏడు దగ్గర కొంచెం తల ఊపి, "ఆఁ, ఇప్పుడు ఎవరో వస్తున్నారు" అన్నారు. అక్కడ నిలిపారు.

ఆ తర్వాత వయసు వరసన తిరిగింది. డెబ్బై ఆరేళ్ళాయన ఏడు దగ్గర కళ్ళు గట్టిగా మూసుకుని, "భేష్" అన్నాడు. డెబ్బై ఏళ్ళాయన పళ్ళు బిగించి "భేష్" అన్నాడు. కోబిల్ అన్న, తన డబ్బా ఏ హానీ చెయ్యదని రుజువు చెయ్యడానికి, ఎనిమిదికి పెంచాడు. అక్కడి నుంచి ముగ్గురు ఎనిమిదిలో "భేష్" అన్నారు. ఒకాయన ఆ మాట అవసరానికి మించి గట్టిగా అన్నాడు. చివరికి తోహిర్ వంతు వచ్చింది. డబ్బా హాని చేస్తుందని రుజువు చెయ్యాలి కాబట్టి అతను పదికి పెంచి, హెడ్‌ఫోన్‌ను తలకు పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని చూసి, "ఇప్పుడు తెలుస్తుంది" అన్నాడు.

వరసలో మిగిలింది ఇంటాయన. విందు ఇచ్చేవాడు అందరి కంటే చివర తినాలి, అందరి కంటే ఎక్కువసేపు కూర్చోవాలి. మా ఆయన పెట్టుకున్నాడు. ఆయన భుజాలు చెవుల దాకా లేచాయి.

"ఎంతసేపు?" అని ఎవరో అడిగారు.

"పులావు దమ్ము దించేదాకా" అన్నారు తాత.

నేను టీ కూజా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. మొదట్లో ఆయన చెయ్యి రెండుసార్లు పైకి లేచింది, హెడ్‌ఫోన్ దాకా వెళ్ళి, తాత వైపు చూసి, గడ్డం సవరించుకుని దిగిపోయింది. కోబిల్ అన్న చెప్పిన ఫ్యూజు తన పని తాను చెయ్యబోయింది గాని, పెద్దల ముందు కాలిపోవడం అమర్యాద.

"ఏవండీ, తీసెయ్యండి!" అన్నాను.

"వదినా, పరీక్ష మధ్యలో మాట్లాడకూడదు" అన్నాడు తోహిర్. అందరి కళ్ళూ హెడ్‌ఫోన్ మీదే ఉన్నాయి. పొగ వస్తుందేమోనని ఒకాయన ముందుకు వంగి వాసన కూడా చూశాడు.

పులావు దిగింది. హెడ్‌ఫోన్ తీశారు. చేతులు మార్చుకుంటూ తొమ్మిది మంది పరిశీలించారు. వెచ్చగా ఉంది తప్ప ఏమీ కాలేదు. కోబిల్ అన్న కళ్ళు చెమర్చాయి. తోహిర్ కూడా సంతోషించాడు, ఎంతైనా తాను తెచ్చిన సరుకు. ఇద్దరూ కావలించుకున్నారు. మా ఆయన గోడకు ఆనుకుని, ఎవరు ఏమన్నా నవ్వుతూ కూర్చున్నాడు.

ధ్రువపత్రం అక్కడికక్కడే రాశారు: "మన పేట నివాసి ఎర్గష్ గారి గృహమున, తొమ్మిది మంది సభ్యుల సమక్షంలో, పదవ అంకె వద్ద, పులావు దమ్ము పెట్టినది మొదలు దించు వరకు జరిపిన పరీక్షలో, సదరు హెడ్‌ఫోన్‌కు యాంప్లిఫయర్ వలన ఎట్టి హానీ కలగలేదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. ఈ ధ్రువీకరణ పదవ అంకెకు మాత్రమే వర్తించును." కింద ముద్ర పడింది.

ఆ చివరి వాక్యం వల్ల మా ఆయన అప్పటి నుంచి మామగారి టేపును పదో అంకె మీదే వినసాగాడు. మిగతా తొమ్మిది అంకెల మీద ఆ హెడ్‌ఫోన్‌కు ఏమవుతుందో అధికారికంగా ఎవరికీ తెలియదు మరి. రోజుకో గంట, బుసతో సహా. మా అత్తగారు దానికి ఎర్ర పట్టు మీద దానిమ్మ పువ్వులు కుట్టిన తొడుగు చేశారు. చలిగాలి తగలకుండా గాజు బీరువాలో, నా పెళ్ళినాటి బంగారు అంచు టీ సెట్టు పక్కన దానికి చోటిచ్చారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కప్పుల్లో ఎవరూ టీ తాగలేదు. వాటి క్షేమం కోసం మేం అంచు విరిగిన కప్పుల్లో పెదవులు కోసుకుంటూ తాగుతున్నాం. మీరు నవ్వొద్దు. మీ ఇంట్లో టీవీ రిమోట్‌కు ఇంకా ప్లాస్టిక్ సంచి తొడిగే ఉందా? కొత్త సోఫా మీద కప్పిన దుప్పటి చుట్టాలొచ్చినప్పుడే తీస్తున్నారా? అయితే మన రెండిళ్ళకూ ఒకటే తరహా.

మూడు వారాలకు మా ఆయన ఒక గొప్ప విషయం కనిపెట్టాడు. ఈ కాలం మనుషులు నోట్లో నోట్లో మాట్లాడుతున్నారు. అయిదు వారాలకు ఇంకోటి కనిపెట్టాడు. ఈ ఏడాది మల్బరీ చెక్క మూగబోయింది. తట్టినా పలకదు. ఆపైన మర్గిలాన్ ఊరి పట్టులో నాణ్యత పడిపోయిందని కూడా తేలింది, తీగలు చివర్లో మోగడం మానేశాయి. ఈ సంగతి మీద పేట తరఫున పట్టు వడికేవాళ్ళకు ముద్రతో ఒక ఉత్తరం వెళ్ళింది. చెక్క ఎందుకు మూగబోయిందో విచారించడానికి మళ్ళీ తొమ్మిది మందితో ఒక సంఘం వేశారు. ఈసారి కూడా కారట్లు మేమే తరిగాం.

సంగీతం టీచరు రహీమా గారు దుతార్ వెనక్కి తెచ్చారు. పదిహేనేళ్ళుగా మా కొట్టుకే వస్తున్న మనిషి. "రెండో తీగ నిలవడం లేదు మవ్జుదా" అని నాతో మెల్లగా అన్నారు. "ఆయనకి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది." ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి లేచాక, చిన్నప్పటి నుంచి నాన్న పని చూస్తూ పెరిగిన మహ్లియో కొట్టులో కూర్చుని, తల వంచి, తీగను బిగించి, ఒకసారి మీటి, చాలాసేపు విని, కాస్త వదులు చేసింది. రహీమా గారు దాని నెత్తిన చెయ్యి వేసి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి మా కొట్టు దాటి బయటకు వెళ్ళే ప్రతి దుతార్నూ ఆయన భోజన సమయంలో మహ్లియో సరిచేస్తోంది. ఆయన భోజనం ఎక్కువసేపు సాగేలా నేను వడ్డన చూసుకుంటున్నాను. ఇప్పటికి ఆయన నాలుగు కిలోలు పెరిగాడు.

చివరికి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్ష చేసి, కాగితం మీద ఒక గీత గీశాడు. సగం దాకా తిన్నగా వెళ్ళి, అక్కడి నుంచి బావిలోకి దూకినట్టు పడిపోయింది. "సన్నటి శబ్దాలు పోయాయమ్మా. ఇక రావు. మిగిలినవి కాపాడుకోండి" అన్నాడు. ఎలా జరిగిందని అడిగాడు. చెప్పాను.

"పదో అంకె మీదా?" డాక్టరు కళ్ళజోడు తీశాడు. "హెడ్‌ఫోన్ ఇంకా పనిచేస్తోందా?"

"పనిచేస్తోందండీ."

"భలే సరుకు. ఏ కంపెనీ?"

నిన్న శుక్రవారం. పొద్దున కొట్టు తలుపు సందులోంచి ఆయన్ను చూశాను. ముందు మల్బరీ దుంగ ఉంది. కణుపుతో తట్టాడు. మళ్ళీ తట్టాడు. తర్వాత వంగి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు, దాని మీద చెంప ఆనించి తట్టాడు. తర్వాత లేచి, దుంగను గోడ వైపు తోసేసి, హెడ్‌ఫోన్ తెచ్చుకున్నాడు. మామగారు రెండో తీగను ఎక్కడ నిలిపేవారో ఆయనకు ఇక ఎప్పటికీ వినపడదని అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు అంతకు ముందే అర్థమై ఉంటుంది.

మధ్యాహ్నం భోజనానికి అందరూ ఉన్నారు. పరీక్ష జరిగి రెండు నెలలైన సందర్భంగా కోబిల్ అన్న కూడా వచ్చాడు. "ధ్రువపత్రాన్ని కొత్తది చేయించాలి. ఈసారి రెండు నెలలు నిలిచిందని కూడా రాయించాలి" అన్నాడు తోహిర్. అందరూ మా ఆయన వైపు తిరిగారు. తన వైపు చూస్తున్నారని గమనించి ఆయన హెడ్‌ఫోన్ తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"చూశారా? ఒక్క గీత కూడా పడలేదు!" అన్నాడు, ఇల్లంతా వినపడేలా.

అందరూ భేష్ అన్నారు. నేను నాన్ తుంచి ఆయన ముందు పెట్టి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే చెప్పాను. "రేపటి నుంచి కొట్లో మహ్లియో కూర్చుంటుంది. చెక్క తట్టి చూసేది, తీగ నిలిపేది అదే. ఆయన చెక్కి ఇస్తారు. రహీమా గారికీ, మిగతావాళ్ళకీ కబురు పంపేశాను."

కోబిల్ అన్న చెంచా ఆగింది. మహ్లియో తల దించుకుని తన వేలి కణుపులు చూసుకుంటోంది.

"ఆడపిల్ల వాయిస్తే వాయించనీ, కొట్లో కూర్చోవడమేంటి వదినా?" అన్నాడు తోహిర్. "తాతల నాటి కొట్టు! దాని పేరు పాడైతే?"

"పాడవుతుందో లేదో ముందు గప్‌లో పెట్టి తేల్చాలి" అన్నాడు కోబిల్ అన్న.

మా అత్తగారు నా వైపు చూశారు. "వాడికి చెప్పావా అసలు? వాడు ఒప్పుకున్నాడా?"

"చెప్పాను అత్తయ్యా" అన్నాను. "నాలుగు సార్లు చెప్పాను. ఆయన పక్కనే కూర్చుని, ఇప్పుడు మీతో చెప్పినట్టే చెప్పాను. ఒక్కసారి కూడా కాదనలేదు."